అయిదు నిమిషాల నాడి

"అమ్మచ్చీ, నాడి చూడ్డానికి ఒక్క నిమిషం చాలు. అయిదెందుకు? నాకింకా ముప్ఫైమంది ఉన్నారు!"

కేరళలోని కొట్టాయం ఆసుపత్రిలో నర్సు జిన్సీ రోజూ ఇలాగే విసుక్కునేది.

"నా గుండె దడ నీకంత అలుసా? కూర్చో!" అంటూ మంచం మీది ముసలమ్మ ఏలికుట్టి ఆమెను స్టూలు మీదికి లాగి, నోట్లో పనస చిప్సు పెట్టి, మణికట్టు గట్టిగా పట్టుకునేది.

ఏలికుట్టి ఇంటికెళ్లే రోజు జిన్సీ నవ్వేసింది. "మొదటి రోజు నుంచీ మీ నాడి డెబ్బై రెండే. దడంతా నాటకమేగా?"

"నలభై ఏళ్లు నర్సుగా చేశాను, నా నాడి నాకు తెలీదూ?" ముసలమ్మ జిన్సీ మణికట్టు మీంచి వేళ్లు తీసింది. "నీదే మొదటి రోజు నూట పది. ఇవాళ డెబ్బై ఎనిమిది. నీకూ డిశ్చార్జే, పో!"