అలసందలు తినేవాళ్ళు

ఫామూసా కీతా "నన్ను పెళ్ళి చేసుకో" అన్న ప్రతిసారీ సెగూ ఊరి బజారు బజారంతా పగలబడి నవ్వింది.

అందరికంటే ఎక్కువ నవ్వింది సీతాన్ కూలిబాలీ. ఆమెనే అతను అడుగుతున్నది.

"మీ తాత కూడా మా నాయనమ్మని ఇలాగే అడిగాడట. కుక్కని వదిలింది. పాపం, ఆ కుక్కకి మూడు రోజులు కడుపునొప్పి!"

ఆమె కూరల్లో వేసుకునే ఘాటైన సుంబాలా ఉండలు అమ్ముతుంది. అతను ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. నాలుగేళ్ళుగా ఇద్దరికీ ఇదే వరస. కీతాలకీ కూలిబాలీలకీ ఎగతాళి చుట్టరికం మరి. తాతముత్తాతల నుంచీ ఉన్నది. ఎదురుపడితే తిట్టుకోవాలి. ఎంత మాటన్నా కోపం రాకూడదు. వస్తే, వచ్చినవాడిదే తప్పు.

సీతాన్ ఈ ఊరికి వచ్చిన కొత్తల్లో చిరిగిన రవికె పట్టుకుని అతని దగ్గరికొచ్చింది. అప్పటికి ఫామూసా భార్య పోయి ఏడాది. అతను ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చేపలమ్మే వరసలో కీతా ఆడవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళని "ఏం చెల్లెమ్మా" అని పలకరించి, తల దించుకుని తన దారిన పోయేవాడు. ఇంటిపేరు ఒకటైతే తోబుట్టువులే. తోబుట్టువులతో అంతకంటే మాటలేముంటాయి?

"దర్జీ గారూ, మీ ఇంటిపేరు?" అంది సీతాన్.

"కీతా."

ఆమె ఒక్క క్షణం అతని మొహం కేసి చూసింది. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. చొక్కాకి రెండు గుండీల్లేవు, దర్జీ అయ్యుండీ.

"ఓరి నా ఖర్మ! నేను కూలిబాలీని. పోయి పోయి అలసందలు తినేవాళ్ళ చేతికా నా రవికె ఇచ్చింది?"

"అలసందలు తినేది మీరు! రాత్రి ఊరంతా గాలివాన అనుకున్నారు. మీ ఇంట్లోంచేనటగా?"

ఏడాది తర్వాత అతను అన్న మొదటి పొడుగు మాట అది. అన్నాక, తనకే నవ్వొచ్చింది.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే తిట్లు. మధ్యాహ్నం దుకాణం కట్టేసే ముందు ఆమె ఒక గిన్నె అలసందలు మిషను మీద ఠంగున పెట్టేది. "తిను. మీ వంశానికి ఇంతకంటే ఏం అరుగుతుంది!" అతను తిట్టుకుంటూ గిన్నె ఊడ్చేసేవాడు. బుగ్గలు నిండాయి. గుండీలు వచ్చాయి.

చివరికి ప్రేమ కూడా వచ్చింది. చిక్కు అక్కడే వచ్చింది.

ఎగతాళి చుట్టం నోట వచ్చినదేదీ నిజం కాదు. అదీ ఆచారం. శుక్రవారం నమాజు బట్టలేసుకుని అడిగాడు. "ఎవరి బట్టలు? కుట్టించుకున్నవాడు వెతుక్కుంటున్నాడేమో!" అంది. కోడిపుంజు తెచ్చి అడిగాడు. "మీ అన్నయ్యని నాకెందుకిస్తున్నావు?" అంది. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని అడిగాడు. "ఉల్లిపాయల వరసలోంచి వస్తున్నావా?" అంది. పుంజు మాత్రం పుచ్చుకుంది.

ఇక లాభం లేదని కీతాల వంశావళి పాడే జెలీ లాన్సినేని పిలిచాడు. కబురు మోయడానికి జెలీని మించినవాడు లేడు.

"అయ్యా, నీ నోటికి విలువ లేదు. కోలాకాయలకుంది," అన్నాడు లాన్సినే. "పది కాయలివ్వు. వాళ్ళ ఊరెళ్ళి ఆమె పినతండ్రి ముందు పెడతాను. ఉంచుకుంటే పెళ్ళి. తిప్పి పంపితే..."

తిప్పి పంపితే ఏమిటో ఫామూసాకి తెలుసు. కోలాకాయలు వెళ్ళాక అది ఎగతాళి కాదు. కాదనిపించుకున్నాక ఆమెను మళ్ళీ తిట్టలేడు. ఆమె తిట్టదు. ఇద్దరూ మర్యాదగా పలకరించుకోవాలి. ఆ మర్యాద తలుచుకుంటేనే అతనికి చలి పుట్టింది.

అయినా ఇచ్చాడు.

సోమవారం సంత రోజు. లాన్సినే బస్సు దిగి తిన్నగా కుట్టుమిషను దగ్గరికొచ్చాడు. ఎదురు దుకాణం ఖాళీగా ఉంది. నాలుగేళ్ళలో సీతాన్ సంత రోజు రాకపోవడం ఇదే మొదలు.

"తిప్పి పంపారా?" అన్నాడు ఫామూసా.

"ముందు టీ ఇప్పించు."

"లాన్సినే!"

"ఉంచుకున్నారు. పంచుకున్నారు. నా ముందే నమిలారు."

ఫామూసా బల్ల మీద కూలబడ్డాడు. అంతలోనే లేచి జెలీని కావలించుకున్నాడు.

"ఆమె ఏమంది?"

"ఊళ్ళోనే ఉంది, మంగళవారం వస్తుంది. 'నోరు మూసుకుని అలసందలు నానబోయమని మీ ముసలాడికి చెప్పవయ్యా' అంది."

"మరి నువ్వెందుకు అలా నవ్వుతున్నావ్?"

లాన్సినే కళ్ళు తుడుచుకున్నాడు. "ఏం లేదయ్యా. నా పని నేను చూసుకోవాలిగా. రెండు వైపులా ఏడు తరాలు తిరగేశాను. ఎక్కడా రక్తం కలవలేదు. పెళ్ళికి అడ్డు లేదు."

"రక్తం కలవడమేమిటి నీ మొహం! కూలిబాలీలకీ మాకూ ఏనాడైనా కలిసిందా?"

"ఆ ఊళ్ళో కూలిబాలీ అనేవాడు ఒక్కడూ లేడయ్యా," అన్నాడు జెలీ, "సీతాన్ పుట్టిన దగ్గర్నుంచీ నీలాగే కీతా."