దొరికినవాళ్లదే గోళీ

సిమెంటు బల్ల కింద లేదు. పంపు దిమ్మ పక్కనా లేదు. ఆమె చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎగదోపుకుని, మోకాళ్ల మీద వంగి పొదలోకి చెయ్యి పెట్టింది. ముళ్లు గీరుకున్నాయి గానీ గోళీ తగల్లేదు.

పార్కులో నడిచేవాళ్లు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నారు. వాళ్లకిది కొత్త కాదు. ఆమెకు 'గోళీల పిచ్చమ్మ' అని పేరు పెట్టుకుని చాలాకాలమైంది. ముఖం మీద అనరు, అంతే.

పిచ్చంటే పిచ్చే మరి. ఈ ఊళ్లో ఒకాయన చేత్తో గాజు గోళీలు చేస్తాడు. గాజు కడ్డీని మంటలో కరిగించి, లోపల రంగుల సుడులు తిప్పి, గుండ్రం చేసి, రాత్రంతా వెచ్చటి పొయ్యిలో మెల్లగా చల్లారనిస్తాడు. తొందరపడితే పగిలి ఊరుకుంటుంది. ఇంత పనితనం కొట్లవాళ్లకు అక్కర్లేకపోయింది. మిషను గోళీలు గుప్పెళ్లకొద్దీ వస్తుంటే ఇవెవరికండీ అని తిప్పి పంపేశారు. దాంతో ఆయన అమ్మడం మానేశాడు. రోజూ చీకటితోనే వచ్చి ఈ పార్కులో ఒక గోళీ దాచిపెట్టి, ఆ చుట్టుపక్కల ఫొటో తీసి ఫోన్లో నలుగురూ చూసేలా పెడతాడు. దొరికినవాళ్లదే గోళీ.

ఫొటో కింద మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "ఏ రోజైతే నేను పెట్టింది పెట్టినచోటే మిగిలిపోతుందో, ఆ రోజుతో మంట ఆర్పేస్తాను."

అది చదివినప్పుడల్లా ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు. ఉత్త బెదిరింపు అనుకోవడానికి మనసొప్పదు. ఆ రకం మనిషి అన్నంత పనీ చేస్తాడు.

అందుకే రోజూ ఆమే ముందు. వానొచ్చినా రావాల్సిందే, ఒళ్లు కాలిపోతున్నా రావాల్సిందే. కాలు బెణికినప్పుడు కూడా గోడ పట్టుకుని కుంటుతూ వచ్చింది. దొరికినవన్నీ బీరువాలో చీరల వెనక, పాత స్టీలు డబ్బాలో. ఇంట్లో ఎవరి కంటా పడనివ్వదు. అన్నీ నువ్వే తీసుకోకుండా ఒకరోజు ఇంకెవరికైనా వదలొచ్చుగా అని అక్కడ నడిచే ఒకావిడ ఒకసారి నవ్వుతూ అంది. "వదిలితే ఎవరొస్తారు?" అని ఈమె కస్సుమంది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఇవాళ్టి ఫొటోలో పంపు దిమ్మ ఉంది. తీరా వస్తే అక్కడ ప్లంబరు ఒకడు సామానంతా పరుచుకుని పంపు విప్పుతున్నాడు. ఇక్కడేమైనా కనబడిందా బాబూ అని అడిగితే తల కూడా ఎత్తలేదు. నాకు పనుందమ్మా అన్నాడు.

ఎండెక్కింది. ఆకులు ఒక్కొక్కటీ తిరగేసింది. ఇటుకలు కదిపింది. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నీ సంచిలోనే ఉందేమో చూసుకోమ్మా" అని ఒక పెద్దాయన హాస్యమాడాడు. ఆమె నిజంగానే సంచి బోర్లించి దులిపింది. పెద్దాయన నవ్వు ఆగిపోయింది.

ఎక్కడో తన కళ్లెదుటే ఉండి ఉంటుంది. తనకే కనబడటం లేదు. రేపు చీకటితో ఆయన వచ్చి చెయ్యి పెడితే తగులుతుంది. ఆ తలపు రాగానే ఆమె నేల మీద అలాగే చతికిలబడింది.

అప్పుడు చూసింది. ప్లంబరు పని ముగించి, చేతులు కడుక్కుని, చొక్కా జేబులోంచి ఏదో తీశాడు. ఒక కన్ను మూసి ఎండకేసి పట్టాడు. వేళ్ల మధ్య నీలం మెరిసింది.

ఆమె ఎలా లేచిందో, ఎలా అతని ముందుకు చేరిందో ఆమెకే తెలియదు.

"నీకెక్కడిది?"

"పంపు వెనక సందులో ఉంది. ఇందాక చెబితే పట్టుకుపోతారని చెప్పలేదమ్మా."

"ఇలా ఇచ్చెయ్యి బాబూ."

"ఇవ్వను."

"గోళీలాడే వయసా నీది? ఏం చేసుకుంటావు?"

"చూసుకుంటా."

ఆమె పర్సులోంచి నోటు తీసింది. అతను దానివంక చూడనైనా చూడలేదు. ఆమె ఇంకో నోటు తీసింది.

"డబ్బులు లోపల పెట్టుకోండమ్మా. ఇలాంటిది ఇంకోటి ఉంటుందా? లోపలికి చూడండి, వాన పడుతున్నట్టు లేదూ?" అని గోళీని రుమాలులో చుట్టాడు. జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. పైనుంచి ఒకసారి తడిమి చూసుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆమె సిమెంటు బల్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పార్కంతా చుట్టూ చేరింది. పిచ్చమ్మ అన్నవాళ్లే మంచినీళ్లు తెచ్చిచ్చారు. పోన్లేమ్మా, రేపు ఇంకోటి పెడతాడుగా అని పెద్దాయన ఓదార్చాడు. ఆమె తలూపింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, చెప్పులు తొడుక్కుని, ఇంటిదారి పట్టింది.

మేడ మీద గదిలో మంట ముందు వంగి గాజు కడ్డీ తిప్పుతున్న తమ్ముడు, రోజూలాగే తలెత్తకుండా, "ఎవరైనా తీసుకున్నారా అక్కా?" అని అడిగితే, "తీసుకున్నార్రా" అని ఆమె మొట్టమొదటిసారి నిజం చెప్పింది.