అందని గంట

"మా నాయనను మీరే సంపిండ్రు. ఏసీల కూసొని గంట బటన్ తీస్కపోయి మూలకు పెట్టిండ్రు. వడ్లల్ల మునిగేటోనికి ఆ మూల దాంక వేలు ఎట్ల అందుతది?"

డిజైన్ టూల్ తెరవగానే ద్వాళికి కనిపించిన మొదటి మాటలు ఇవే. వంశీ గీసిన యాప్ తెర బొమ్మ, దాని కుడి పై మూలన చిన్న ఎర్ర బటన్, ఆ బటన్‌కు గుచ్చిపెట్టినట్టు ఈ కామెంట్. రాసినవాడి పేరు తులసీరాం. హమాలీ ఫూల్‌సింగ్ కొడుకునని చెప్పుకున్నాడు.

ద్వాళి కోడు రాసే మనిషి. బొమ్మలు గీసే వంశీని పోయిన నెల ఇంటికి పంపేసి, ఆ పని కూడా నువ్వే నేర్చుకో అన్నాడు యజమాని భాస్కర్. ఒకరి మెడ మీద రెండు కాడులు పెట్టి దాన్ని తెలివి అంటారు వీళ్లు. సూర్యాపేటలో టైర్ల దుకాణం పైన ఉన్న ఆ ఆఫీసులో ఏసీ లేదు. అయినా ఆ మాట అనడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

ఆ యాప్ మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు హమాలీల కోసం చేసింది. వడ్లు నిలవుంచే ఎత్తైన ఇనుప బిన్నులో తడి గింజలు గడ్డకడితే హమాలీ పై నుంచి లోపలికి దిగి పారతో పొడవాలి. కింద వడ్లను లాగే మోటరు తిరుగుతూనే ఉంటుంది. ఆపితే మిల్లు పని ఆగిపోతుందట, మనిషి ఊపిరి ఆగితే మాత్రం పరవాలేదు. కాళ్ల కింద వడ్లు జారి మునిగిపోయేవాడు ఫోన్లో బటన్ నొక్కితే కింద గంట మోగాలి, మోటరు ఆగాలి. ఆ ఫోన్ ఎలాంటి చేతిలో ఉంటుందో వంశీ అడగలేదు. అతను గీసింది గీసినట్టు కోడు రాసిన ద్వాళి కూడా అడగలేదు.

కోదాడలో ఉన్న భాస్కర్‌కు ఫోన్ చేసింది. ఆ కామెంట్ చదివి వినిపించింది.

"ఎక్కడా వార్త రాలేదు గదమ్మా. మిల్లోళ్లు లోపల్లోపలే సర్దేసుకుని ఉంటారు. నువ్వు మిల్లుకి గానీ, ఆళ్లింటికి గానీ ఫోన్ చెయ్యబాక. చేస్తే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టే."

"బటనన్న మారుస్త సార్."

"గీసుకో, నేర్చుకున్నట్టుంటది. హమాలీల ఫోన్లలోకి మాత్రం పంపకు."

ఆత్మకూరు పక్క తండాలో పుట్టిన ద్వాళికి, ఒక హమాలీ చావు పేపరుకెక్కకపోవడం కొత్తేమీ కాదు. నోరు మూసుకుని టూల్ నేర్చుకోవడానికి కూర్చుంది. చేతకాని చెయ్యి. గీత గీస్తే డబ్బా అయింది, డబ్బా జరిపితే అక్షరాలు చెదిరాయి. ఆ టూల్లో బొమ్మ తెరిచిన ప్రతి మనిషి కర్సరూ పేరుతో సహా కనబడుతుంది. ఆమె గీస్తున్నంతసేపూ తులసీరాం పేరు మోస్తూ ఒక కర్సర్ తెర మీద మెల్లగా తిరిగేది.

బటన్‌ను నడుమకు తెచ్చింది. వెంటనే కామెంట్ పడింది. కుడిచెయ్యి వడ్లల్ల ఇరికింది, ఎడమ బొటనవేలు ఒక్కటే బైట ఉండె అని. ఎడమ పక్కకు, కిందికి జరిపింది. నొక్కినంక ఇంగ్లీషుల ఏదో అడిగింది, నాయనకు సదువు రాదు అని ఇంకొకటి. ఆ ప్రశ్న పీకేసింది. తెర నిండ దుమ్ము, ఎర్రది కనబడలే అని మరొకటి. ఇక మూలా లేదు, నడుమా లేదు, తెర మొత్తాన్నీ బటన్ చేసిపడేసింది.

ఇవన్నీ నీకెవరు చెప్పారని ఒకసారి అడిగింది.

"ఎవరు చెప్పలే పెద్దమ్మా. కండ్లు మూస్తే కనబడతది."

పక్క సీటు కావ్యను పిలిచింది. భయాన్ని కప్పుకోవడానికి, "నాకింక పెండ్లే కాలే, పెద్దమ్మ అంటడేందే వీడు?" అంది, తులసీరాం కర్సర్ వైపు వేలు చూపిస్తూ.

"అద్దం సూస్కున్నవా? వాడన్నదాంట్ల తప్పేం లేదు" అంటూ కావ్య వంగి తెర చూసింది. "ఏడుందే కర్సర్? నీదొక్కటే ఉంది."

కావ్య తన సీటుకు వెళ్లగానే అది మళ్లీ కదిలింది.

చివరికి బొమ్మ పూర్తయింది. ద్వాళి దాన్ని తన ఫోన్లో తెరిచి, కళ్లు మూసుకుని, ఎడమ బొటనవేలితో ఎక్కడో ఒకచోట నొక్కింది. గంట మోగింది. 'అయిపోయింది తమ్మీ' అని రాసి ఎదురుచూసింది.

"బొమ్మ మారితే సాలదు పెద్దమ్మా. ఫోన్ చెయ్యి. నాయన నంబరు మీ దగ్గర్నే ఉన్నది."

నిజమే. బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటే ఎవడు బతుకుతాడు? రేపు ఇంకో హమాలీ అదే పాత బటన్ పట్టుకుని అదే బిన్నులోకి దిగుతాడు. భాస్కర్ మాట పక్కన పడేసింది. ఆ ఇంటివాళ్లు కేసు పెట్టాలి, తాను పోయి నిజం చెప్పాలి. ఉద్యోగం పోతే పోయింది. యాప్‌లో నమోదైన ఫూల్‌సింగ్ నంబరు తీసి నొక్కింది. పోయినవాడి ఫోన్ కొడుకు దగ్గరే ఉండి ఉంటుంది.

అవతల మిషన్ల హోరు. ఆ హోరులోంచి ఒక మగ గొంతు హలో అంది.

"తులసీరామేనా? నేను ద్వాళిని, యాప్ ఆఫీసు నుంచి. కేసు పెట్టుండ్రి. నేనొచ్చి సాక్ష్యం చెప్త."

ఆ మనిషి నవ్వాడు.

"తులసీరామా? నా కొడుకు ఇంక ఉయ్యాలల్నే ఉన్నడమ్మా, మొన్ననే పుట్టిండు. వాని మీద కేసేంది? ఏమన్న ఉంటె జల్ది చెప్పు, బిన్నుల దిగాలె."

ద్వాళి తెర వైపు చూసింది. తులసీరాం కర్సర్ కదలకుండా నిలబడి ఉంది.

"దిగకు, ఫూల్‌సింగన్నా."