నైరుతి గుమ్మం

జానకిరామయ్య సిద్ధాంతి గుమ్మం దాటి నలభై రోజులైంది.

ఒంట్లో బాగానే ఉంది. బాగాలేనిది గుమ్మమే. వాస్తు పేరుతో వినుకొండ చుట్టుపక్కల ఎన్ని గోడలు కూలగొట్టించాడో ఆయనకే గుర్తులేదు. అలాంటి మనిషి, చవగ్గా వస్తోంది, సరిచేసుకోవచ్చులే అని నిరుడు ఒక రాతి బంగళా కొన్నాడు. ఎప్పుడో ఒక దొర తన దేశపు పద్ధతిలో కట్టించుకున్న ఇల్లు. రెండడుగుల మందం గోడలు, కమాను కిటికీలు. వినుకొండ ఎండల్లో ఎందుకు కావాల్సొచ్చిందో గానీ, ఈశాన్యంలో చలిమంట పొయ్యి, దాని మీద రాతి పొగగొట్టం. ఇంటికంతటికీ గుమ్మం ఒకటే. అదీ నైరుతిలో.

గడ్డపార పట్టేలోగా నోటీసు వచ్చింది. బంగళా రక్షిత కట్టడాల జాబితాలో చేరింది. ఇక మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి.

నైరుతి గుమ్మం యజమానిని మింగుతుందని ఆయన నమ్మకం. మెట్టు మీద కాలు బెణికాక ఆ భయం ముదిరింది. ఇక అందులోంచి అడుగు బయట పెట్టనన్నాడు. వచ్చినవాళ్లకు కిటికీలోంచే వాస్తు చెబుతున్నాడు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఆ రాళ్ల మధ్య నిజంగానే ఊపిరాడటం లేదు పాపం.

"రాయవే," అనేవాడు భార్యతో. ఆయన చెప్పేవాడు, సుబ్బలక్ష్మి రాసేది. ముత్యాల్లాంటి దస్తూరి ఆవిడది. ఇరవై ఆరేళ్ల కాపురంలో పొయ్యిని పద్నాలుగు చోట్లకు తిప్పించినా నోరెత్తని ఇల్లాలు. జాబితాలోంచి తీసేయమని మూడు అర్జీలు వెళ్లాయి. మూడూ పనిచేయలేదు.

చివరికి పురావస్తు శాఖ ఆఫీసు నుంచి సిద్దికా మేడమ్ ఫైలు పట్టుకుని వచ్చింది.

"కుదరదండి సిద్ధాంతిగారూ. కమాను రాయి ఒక్కటి కదిపినా కేసవుద్ది."

"ఇదంతా ఆ వీరాంజనేయులు సిద్ధాంతి పనమ్మా. నేనంటే గిట్టక నా ఇంటిని జాబితాలో పెట్టించాడు. నన్ను బతికుండగానే సమాధి చేశాడు."

"మాకొచ్చిన అర్జీ మీద పేరు లేదండి. పాత కట్టడం, పడగొట్టేస్తారు, కాపాడండి అని రాశారంతే."

"ఆ కాగితం చూపించమ్మా. వాడి రాత నాకు తెలుసు."

సుబ్బలక్ష్మి కాఫీలు తెచ్చింది. ఏడాదిగా చోటు మారని పొయ్యి మీద కాచినవి.

సిద్దికా ఫైలు తెరిచి, ఆయన పంపిన అర్జీ పక్కనే ఆ పేరు లేని కాగితం పెట్టింది. జానకిరామయ్య కళ్లజోడు సవరించుకుని వంగాడు.

రెండింటి మీదా అవే ముత్యాలు.