పాటకో అతిథి

కొరాపుట్ నుంచి రాయగడ వస్తున్న బస్సు ఘాటీలో ఆగిపోయింది.

"పథర పడిచి! రాళ్లు తీసేదాకా బస్సు కదల్దు," అన్నాడు కండక్టర్ దేబాశిష్, దిగి చూసొచ్చి.

రాజ్యం ఒళ్లో రెండేళ్ల చిన్నుకి ఒళ్లు కాలిపోతోంది. మందు పోసింది, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. వాడు ఏడుపు ఆపడం లేదు.

"సుజన పాట ఎట్టండి. అదింటేగాని పడుకోడు," అంది మొగుడితో.

"సిగ్నల్ లేదే! నన్నేటి సెయ్యమంతావు?"

రఘు ఫోన్‌ని కిటికీ బయటికి చాచి, మళ్లీ లోపలికి లాక్కున్నాడు. రాయగడలో హోల్‌సేల్ కొట్టు నడిపే మనిషి, పదిమందిని అదిలించగలడు. ఆ సిగ్నల్ గీతల్ని మాత్రం రప్పించలేకపోయాడు.

సుజన రాయగడ పిల్లే. ముంబై పోయి పెద్ద పాప్ సింగర్ అయింది. మూడేళ్లుగా అయిపు లేదు, ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఇవాళే కొత్త ఆల్బం వచ్చింది.

"పాటకొక గెస్ట్ సింగరట," అన్నాడు రఘు.

"ఆవిడ ఆల్బంలో ఆళ్లెందుకు?"

"ఫేషన్లే."

వెనక సీట్లోంచి ఒకావిడ లేచి వచ్చింది. ముఖానికి మాస్కు, మెడకు మఫ్లరు.

"అమ్మీ, బాబుని ఒకపాలి నాకియ్యవా?"

గొంతు గరగరలాడింది. రాజ్యానికి ఇవ్వబుద్ధి కాలేదు.

ఆవిడ నిలబడే చిన్ను వీపు మీద జోకొడుతూ కూనిరాగం తీసింది. మధ్యలో రాగం విరిగి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ అందుకుంది.

చిన్ను ఏడుపు ఆపి, నోరు తెరుచుకుని ఆవిడనే చూశాడు.

ఆ చూపుకి రాజ్యం భయపడింది.

"ఒద్దక్కా, ఏటీ అనుకోకు. నీ గొంతుకి పిల్లడు జడుసుకుంతన్నాడు."

ఆవిడ చెయ్యి తీసేసింది.

"నిజమేనమ్మీ. నాకే బయ్యమేస్తాది," అని వెళ్లి తన సీట్లో కూర్చుంది.

చిన్ను మళ్లీ మొదలెట్టాడు. బస్సులో అందరికీ జాలిగానే ఉంది, ఎవరేం చెయ్యగలరు?

ఎప్పటికో రాళ్లు తీశారు. టికిరి మలుపు దగ్గర ఆవిడ దిగిపోయింది. రాజ్యం తలెత్తి చూడనైనా లేదు.

కొంతదూరం పోయాక సిగ్నల్ వచ్చింది. రఘు ఆత్రంగా కొత్త ఆల్బం పెట్టాడు. మొదటి పాట ఎవరో అబ్బాయి పాడాడు. రెండోది ఇంకెవరో అమ్మాయి. చిన్ను గుక్కపట్టాడు.

"సుజన గొంతేదండీ?"

"ఆకర్ది ఒక్కటే ఆవిడ పేరుమీదుంది. ఉండు."

మాటల్లేవు, వాయిద్యాల్లేవు. గరగరలాడే కూనిరాగం. మధ్యలో విరిగి, గాలి తప్ప ఏమీ రాక, మళ్లీ అందుకుంది.

రాజ్యం చటుక్కున లేచింది.

"బస్సాపమనండీ!"

"ఎందుకే? ఇక్కడేటి ఆపుతాడు?"



చిన్ను ఏడుపు ఆపి, ఖాళీగా ఉన్న వెనక సీటు వైపు వేలు చూపించాడు.