చిన్నదాని తాళంచెవి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురు: నాన్న, అక్క, చిన్నది. టాక్సీలకు కబుర్లందించే కొత్త వైర్‌లెస్ సెట్టును కూడా కలుపుకుంటే నలుగురు. నాన్న చూపంతా ఆ సెట్టు మీద, దాని ముందు దర్జాగా కూర్చున్న అక్క మీదే ఉంది.

పాత సెట్టు తాళం తీసేది, వేసేది చిన్నదే. ఇంట్లో ఆమె చేతిలో ఉన్న పెత్తనం అదొక్కటే.

"చిన్నదానా, నీ తాళంచెవి ఇలా తే. అది పెట్టి తిప్పితేగానీ పాత సెట్టులోంచి తాళంచెవి దూరే సిలిండర్ ఊడిరాదు," అన్నాడు నాన్న.

చిన్నదాని కడుపు మండిపోయింది. కొత్త సెట్టూ అక్కకే, ఉన్న ఒక్క తాళంచెవీ అక్కకేనా?

"పోయింది," అంది, జేబులో దాన్ని అదిమి పట్టుకుని.

"ఎక్కడ పారేశావే?"

"ఏమో!"

"నిన్ను నమ్ముకుంటే ఇంతే. పోనీ, కొత్త సెట్టుకు దానితో వచ్చిన తాళమే ఉండనీ. పెద్దదానా, దీని తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. దానికివ్వకు," అని నాన్న పనిముట్లు సర్దుకుని వెళ్లిపోయాడు.

అక్క మొహం చిన్నబోయింది. "పాత తాళం తీసి దీనికి బిగించమని నేనే బతిమాలానే. నీ తాళంచెవితోనే కొత్తదీ తెరుచుకోవాలని."

చిన్నదాని చెయ్యి జేబులోంచి సగం బయటికి వచ్చి ఆగిపోయింది.

"అక్కా..."

అంతలో సెట్టు గరగరమంది. ఎవరో డ్రైవర్ పిలుస్తున్నాడు.

"తర్వాత చెబుదువుగానిలే, అవతలికి పో," అని అక్క తలుపు వేసేసింది.