చీటీ రాసి డబ్బాలో వెయ్యండి

ఇరవై రెండు మెట్లెక్కి ఆ మనిషి చర్చి మేడగది గుమ్మంలో నిలబడేసరికి లోపల యుద్ధం సగంలో ఉంది.

"ఒక్కటి! ప్రార్థన ఫలించిందని ఒక్క సాక్ష్యం చూపించండి, నా తీర్మానం వెనక్కి తీసుకుంటాను," అంటున్నారు ప్లీడరు గారు. బుధవారం వాక్య పాఠం గుంపుకి ఆయన నాయకుడు.

ఎదురుగా హెడ్మాస్టరమ్మ. గురువారం ప్రార్థన గుంపు ఆమెది. స్కూల్లో రిటైరై తొమ్మిదేళ్ళయినా ఆమె గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

తగువంతా ఆ గది కోసం. ప్లీడరు గారు కొత్తగా చర్చా గోష్ఠి పెడతారట, దానికి గురువారం సాయంత్రమే కావాలట. ప్రార్థన గుంపులో మిగిలింది ఐదుగురు. అందులో ఇద్దరు కళ్ళు మూసుకున్నారంటే ఆమెన్ అన్నాక కూడా తెరవరు. కాబట్టి ఆ గుంపుని ఎత్తేసి బుధవారంలో కలిపేద్దామని తీర్మానం.

హెడ్మాస్టరమ్మ ఇరవై ఏళ్ళుగా దాన్ని నడుపుతోంది. భర్త పోయిన వారం కూడా మానలేదు. అది కూడా పోతే ఆమెకి గురువారం అనేదే ఉండదు.

పాస్టరు అయ్యగారు ఇద్దరి మధ్యా కూర్చుని, ఎటు తిరిగినా ముప్పే గనక పైన ఫ్యాను వంక చూస్తున్నారు.

"అమ్మా, నేనూ..." అన్నాడు గుమ్మంలో మనిషి.

ఎవరూ వినలేదు. అతను లోపలికొచ్చి, కిటికీ పక్కన పగులిచ్చిన గోడని వేళ్ళతో తట్టి చూశాడు.

"ఓహో, మేస్త్రీవా!" అంది హెడ్మాస్టరమ్మ. "నెల్లాళ్ళుగా కబురు పెడుతుంటే ఇవాళ తీరిందా?"

"మేస్త్రీనే గానమ్మా, నేనొచ్చింది..."

"గోడ ఎక్కడికీ పోదు నాయనా. మీటింగవనీ. ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి డబ్బాలో వెయ్యి."

ఆ రూలు ఆమె పెట్టిందే. పరలోకంలో కుక్కలుంటాయా అనే వాదం రెండేళ్ళ కిందట మూడు వారాలు సాగి, ఒకావిడ అలిగి చర్చే మార్చేసింది. అప్పట్నుంచీ మీటింగు మొదలయ్యాక వచ్చినవాళ్ళు నోరు విప్పకూడదు. చీటీ రాసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. తీర్మానం తేలాకే డబ్బా తెరుస్తారు.

అతను పెన్సిలు అడిగి తీసుకుని, నిలబడే చాలాసేపు రాశాడు. చీటీ మడిచి డబ్బాలో వేశాడు. ఊరికే ఉండలేక ఫ్లాస్కులోని టీ కప్పుల్లో పోసి, ఒక చేత్తో కుర్చీల వీపులు పట్టుకుంటూ అందరికీ అందించాడు.

"ఏం నడకండీ అది, నత్త నయం!" ప్లీడరు గారు అయ్యగారి చెవిలో అన్నారు. "రోజు కూలీ కాబోలు."

టీలు అయ్యాక అతను సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"బస్సు వేళయిందమ్మా. మెట్లు దిగడానికి నాకు కాస్త టైము పడుతుంది."

"మరి గోడో?"

"సోమవారం వచ్చి పూస్తాను. కూలేమీ వద్దు."

అతను వెళ్ళాక ప్లీడరు గారు, "కూలొద్దన్న మేస్త్రీ సోమవారం వచ్చినట్టే!" అన్నారు. అందరూ నవ్వారు. హెడ్మాస్టరమ్మ కూడా నవ్వింది.

తర్వాత ఆమె ప్రార్థనల పుస్తకం తెరిచింది. ఎవరి కోసం ఏం అడిగారో అంతా అందులో నంబర్ల వారీగా ఉంటుంది.

"నాలుగు. గంట కొట్టేవాడి అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి."

"తగ్గిందా?" అన్నారు ప్లీడరు గారు.

"ఆవిడ పోయింది."

"అయితే తగ్గినట్టే. తర్వాత?"

"తొమ్మిది. మన దర్జీ బావగారి కోపం."

"నిన్న నా మీద కంచం విసిరాడండీ," అన్నాడు దర్జీ, రూలు మర్చిపోయి.

"పదిహేడు. నడుం విరిగి మంచాన పడ్డ ఒకాయన. ఆస్పత్రి నర్సమ్మ వచ్చి రాయించింది, తర్వాత ఆ పిల్లకి బదిలీ అయింది. పదకొండు నెలలుగా ప్రతి వారం అడుగుతున్నాం. ఏ కబురూ లేదు."

"అసలు ఉన్నాడా మనిషి?"

హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు తీసేసింది. పిల్లలకి ఇరవై తొమ్మిదేళ్ళు అబద్ధమాడొద్దని చెప్పిన మనిషి.

"తెలీదు. నా దగ్గర సాక్ష్యం లేదు," అంది.

చేతులెత్తారు. తీర్మానం నెగ్గింది. నిద్రలో ఉన్న ఇద్దరి చేతులూ ఎటూ లేవలేదు.

ఆమెకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ గోడతో మాట్లాడానా అనుకుంది. అయినా రూలు రూలే. ముక్కు తుడుచుకుని డబ్బా తెరిచింది.

మొదటి చీటీ ఆలస్యంగా వచ్చిన దర్జీది. 'చీటీల కోసం డబ్బా ఖాళీ చేశారు, బాగుంది. అందులో బిస్కెట్లు ఏమయ్యాయి?'

"రెండోది మేస్త్రీదే. గోడ ఎస్టిమేటు అయ్యుంటుంది," అన్నారు ప్లీడరు గారు.

హెడ్మాస్టరమ్మ పైకి చదవబోయి ఆగిపోయింది. కింద రోడ్డు మీద బస్సు కదిలిన చప్పుడు వినిపించింది.

ఏమైందోనని ప్లీడరు గారు చీటీ అందుకుని, కోర్టులో చదివే గొంతుతోనే మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

'అమ్మగారికి దండాలు, ఏడాది కింద పరంజా మీంచి పడ్డాను, నర్సమ్మ మీ దగ్గర రాయించిన పదిహేడో నంబరు నేనే, ఇవాళ గురువారం కదా, మీ కళ్ళముందు నడిచి చూపించి పోదామని మెట్లన్నీ ఎక్కి వచ్చాను.'